ఒక ఇంగ్లీషు వార్తా సైటుకు జపనీస్ ఎడిషన్ పెట్టిన అనుభవం

జపనీస్ ఎడిషన్ అనగానే హెడ్డాఫీసు నుంచి వచ్చే మొదటి ప్రశ్న, రోజుకు ఎన్ని వార్తలు అనువదించగలరు అని. మేం బడ్జెట్ వేసుకున్నదీ ఆ లెక్కతోనే. ఇన్ని పదాల కాపీ, ఇంతమంది అనువాదకులు, పదానికి ఇంత. సైటు తెరిచి రెండు నెలలు తిరిగాక పనిగంటల పట్టిక తీసి చూస్తే, అనువాదానికి పట్టిన సమయం కన్నా దాని చుట్టూ ఉన్న పనికి పట్టిన సమయమే ఎక్కువ. పేర్లు సరిచూడడం, అంకెలు మార్చడం, ఇంగ్లీషులోకి వెళ్లిపోయిన జపనీస్ మాటల అసలు రూపం వెతకడం, హెడ్డింగు కట్టడం, దిద్దుబాట్లు పంపడం. జపాన్ పత్రికాఫీసుల్లో ఈ పనులకు విడిగా మనుషులుంటారు. కాపీలో వాస్తవాలు, పేర్లు, తేదీలు, మాటల వాడకం సరిచూసే విభాగాన్ని అక్కడ కోయెత్సు అంటారు. అనువాదకుల్లో ఒకరిని తగ్గించుకునైనా సరే, మొదటి రోజు నుంచే ఒక కోయెత్సు మనిషిని పెట్టుకోవాలి. ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

భాగస్వామి సంగతి ముందు తేల్చుకోవాలి. జపాన్‌కు వచ్చిన పేరున్న విదేశీ సైట్లలో చాలా వరకు స్థానిక సంస్థ చేయి పట్టుకునే వచ్చాయి. దక్షిణ కొరియా ఓమైన్యూస్ 2006 ఆగస్టులో సాఫ్ట్‌బ్యాంక్ పెట్టుబడితో వచ్చింది. వాల్ స్ట్రీట్ జర్నల్ 2009 డిసెంబరులో ఎస్‌బీఐ హోల్డింగ్స్‌తో, హఫింగ్టన్ పోస్ట్ 2013 మే 7న అసాహి షింబున్‌తో, బజ్‌ఫీడ్ 2016 జనవరిలో యాహూ జపాన్‌తో, బిజినెస్ ఇన్‌సైడర్ 2017 జనవరిలో మీడియాజీన్‌తో మొదలయ్యాయి. భాగస్వామి ఉన్నంత మాత్రాన నిలబడతాయని కాదు. ఓమైన్యూస్ జపాన్ కొన్నేళ్లకే మూతపడింది. బజ్‌ఫీడ్, హఫ్‌పోస్ట్ జపాన్ కంపెనీలు 2021లో ఒకటయ్యాయి. 2006లో మొదలైన టెక్‌క్రంచ్ జపాన్ 2022లో ఆగిపోయింది. అయినా భాగస్వామి కావాల్సిందే, దానికి కారణం ప్రకటనలు. పెద్ద ప్రకటనదారులు సైటుతో నేరుగా మాట్లాడడం తక్కువ, దెన్‌త్సు, హకుహొదో లాంటి ఏజెన్సీల మీదుగా వస్తారు. ఏజెన్సీ మొదట అడిగేది బైతై షిర్యో, అంటే పాఠకులెవరు, పేజీలెన్ని, ప్రకటన ఎక్కడ ఏ కొలతలో, ధర ఎంత అని రాసిన పత్రం. దాన్ని ఇంగ్లీషు నుంచి తర్జుమా చేసి ఇస్తే పని జరగదు, అక్కడి పద్ధతిలో కొత్తగా తయారు చేయాలి. బడ్జెట్లు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండు సగాలుగా నడుస్తాయి. మే నెలలో సైటు తెరిస్తే మొదటి సగం డబ్బు అప్పటికే పంచేసి ఉంటుంది. మేం మూడు నెలలు ముందే పత్రం పట్టుకుని తిరగాల్సింది.

కంపెనీ నమోదు పెద్ద చిక్కేమీ కాదు. కబుషికి కైషా, అంటే వాటాల కంపెనీ, పెడితే నమోదు పన్ను కనీసం 1,50,000 యెన్లు, దాంతోపాటు నోటరీ దగ్గర నియమావళి ధ్రువీకరణ. గోదో కైషా, అంటే పరిమిత బాధ్యత కంపెనీకి కనీసం 60,000 యెన్లు, నోటరీ అక్కర్లేదు. చిన్నగా మొదలుపెట్టేవాళ్లకు రెండోది చాలు. అనుకున్నదాని కన్నా ఎక్కువ రోజులు తినేది బ్యాంకు ఖాతా. విదేశీ యాజమాన్యంలో కొత్తగా పుట్టిన కంపెనీకి ఖాతా ఇవ్వడానికి బ్యాంకులు నిదానంగా ఆలోచిస్తాయి. ఆఫీసు లీజు కాగితం, నిర్వహణ ప్రణాళిక, జపనీస్ మాట్లాడగల బాధ్యుడు, ఈ మూడూ సిద్ధంగా పెట్టుకుని వెళ్లాలి. డొమైను విషయంలో, డాట్ సీవో డాట్ జేపీ కావాలంటే జపాన్‌లో నమోదైన కంపెనీ ఉండాలి, అదీ కంపెనీకి ఒక్కటే. మామూలు డాట్ జేపీకి జపాన్‌లో చిరునామా ఉంటే సరిపోతుంది. చందా పెడితే నిర్వాహకుడి పేరు, చిరునామా, ఫోను నంబరు, రద్దు పద్ధతి ఉన్న పేజీ చట్టం ప్రకారం పెట్టాలి. చందా మీద వినిమయ పన్ను 10 శాతం. వారానికి రెండుసార్లకు తక్కువ కాకుండా వచ్చే కాగితం పత్రిక చందాకు 8 శాతమే ఉంది కదా అని హెడ్డాఫీసు ధర వేసుకుంటే తేడా వస్తుంది, ఆ తగ్గింపు ఆన్‌లైన్ ఎడిషన్‌కు లేదు.

సాంకేతిక పనిలో ఎక్కువ మంది మొదటి రోజే చేసే తప్పు చాలా చిన్నది. పేజీకి భాష కోడ్ జేఏ అని పెట్టాలి. జేపీ దేశం కోడ్, భాషది కాదు. ఇంగ్లీషు పేజీకీ జపనీస్ పేజీకీ సంబంధం చెప్పే ట్యాగులో జేపీ అని రాస్తే సెర్చింజన్ దాన్ని పట్టించుకోదు. ఆ కోడ్ అసలే పెట్టకపోతే కంటికి కనిపించే నష్టం ఇంకొకటుంది. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో చైనీస్ అక్షరాలు, వాటి నుంచి జపనీస్ తీసుకున్న కంజి అక్షరాలు చాలా వాటికి ఒకే సంఖ్య. ఏ దేశపు రూపం చూపించాలో బ్రౌజరు భాష కోడ్ చూసే నిర్ణయించుకుంటుంది. ఎముక అనే అర్థమున్న హొనె అక్షరం తీసుకోండి. దాని పై భాగంలో లోపల ఒక చిన్న గడి ఉంటుంది. జపనీస్ ఫాంటులో ఆ గడి కుడివైపుకు, చైనా ప్రధాన భూభాగపు ఫాంటులో ఎడమవైపుకు ఉంటుంది. మనలాంటివాళ్లకు ఆ తేడా కనిపించదు. జపాన్ పాఠకుడికి మాత్రం పేజీ తెరవగానే తెలిసిపోతుంది. తెలిసిన మరుక్షణం ఇది ఎవరో బయటివాళ్లు తయారు చేసిన అనుమానాస్పదమైన సైటు అనుకుంటాడు, ఎందుకంటే మోసపు మెయిళ్లు, నకిలీ దుకాణాలు తరచూ అలాంటి అక్షరాలతోనే వస్తాయి. పరీక్షించేటప్పుడు జపాన్‌లో కొన్న ఫోనులో మాత్రమే చూస్తే ఈ తప్పు బయటపడదు, ఆ ఫోను ఎలాగూ జపనీస్ ఫాంటునే ఎంచుకుంటుంది. ఇంగ్లీషు సెట్టింగుల్లో ఉన్న ఫోనులో, కంప్యూటరులో కూడా చూడాలి.

పేజీతో పాటు దిగే వెబ్ ఫాంటు జోలికి పోకపోవడం మేలు. నిత్య వాడకానికి ప్రభుత్వం ప్రకటించిన జోయో కంజిలే 2,136. పేర్లకు, ఊళ్లకు వాడేవి కలిపితే ఫాంటు ఫైలు కొన్ని మెగాబైట్లకు పోతుంది. ఫోనులోనే ఉన్న ఫాంటులు చాలు. ఐఫోను, మ్యాక్‌లో హిరగినో, ఆండ్రాయిడ్‌లో నోటో బాగుంటాయి. విండోస్‌లో యూ గోతిక్ మామూలు మందంలో సన్నగా, వెలిసిపోయినట్టు కనిపిస్తుంది కాబట్టి ఒక మెట్టు మందం పెంచాలి. ఇంగ్లీషు డిజైనులో పుస్తకాల పేర్లకు వాడే వాలు అక్షరాలు తీసేయాలి. జపనీస్‌లో ఆ సంప్రదాయం లేదు, బ్రౌజరు అక్షరాన్ని బలవంతంగా పక్కకు వంచుతుంది. పేర్లకు కగి గుర్తులు, అంటే జపనీస్ కొటేషన్ గుర్తులు, పెడితే చాలు. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషు కన్నా ఎక్కువ ఇవ్వాలి, అక్షరం ఎత్తుకు 1.7 నుంచి 1.9 రెట్లు.

పదాల మధ్య ఖాళీ లేకపోవడం వల్ల వచ్చే చిక్కులు వరసగా బయటపడ్డాయి. వార్త పరిచయంగా మొదటి 55 పదాలు చూపించు అని సైటు సాఫ్ట్‌వేరుకు చెప్పి ఉంటే, ఖాళీలు లెక్కపెట్టే ఆ పరికరానికి పేరా మొత్తం ఒకే పదం. హోం పేజీలో వార్త మొత్తం దిగిపోతుంది. పదాలు మాని అక్షరాలు లెక్కపెట్టించాలి. కొందరు బైట్లు లెక్కపెట్టిస్తారు, అది ఇంకా పెద్ద పొరపాటు. తెలుగు అక్షరంలాగే ఒక్కో జపనీస్ అక్షరానికి యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో సాధారణంగా మూడు బైట్లు పడుతుంది, మధ్యలో కోస్తే చివర ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండు మిగులుతుంది. ఇలా అక్షరాలు చెడిపోవడాన్ని అక్కడ మొజిబకె అంటారు, పాఠకులు దాన్ని క్షమించరు. పేర్లలో వచ్చే కొన్ని అరుదైన కంజిలకు నాలుగు బైట్లు కావాలి, పాత డేటాబేసు సెట్టింగులో అవి నిలవవు. ఆ సెట్టింగు ముందే మార్చుకోవాలి.

సైటు లోపలి వెతుకులాట గురించి ఎవరూ ముందు ఆలోచించరు. తోక్యో మహానగర పాలనను మూడు కంజిలతో రాస్తారు: తో, క్యో, తొ. అందులో చివరి రెండూ కలిపితే క్యోతో నగరం పేరు. రెండేసి అక్షరాలు జతచేసి వెతికే పద్ధతిలో క్యోతో అని కొట్టినవాళ్లకు తోక్యో వార్తలన్నీ వచ్చి పడతాయి. వాక్యాన్ని మాటలుగా విడగొట్టే కురోమోజి లాంటి విశ్లేషకాన్ని జోడిస్తే ఇది సర్దుకుంటుంది. దానికి కొత్త పేర్ల నిఘంటువును నెలనెలా నింపుతూ ఉండాలి, లేకపోతే నిన్న గెలిచిన అభ్యర్థి పేరును అది రెండు ముక్కలు చేస్తుంది.

ఇక డెస్కు పని. అసలు విషయమంతా ఇక్కడుంది.

హెడ్డింగుతో మొదలుపెడతాను. యాహూ జపాన్ మొదటి పేజీ వార్తల హెడ్డింగు చాలాకాలం 13 అక్షరాలకు కట్టుబడింది, సగం వెడల్పు ఖాళీనో అంకెనో కలిస్తే 13న్నర. తర్వాత కొంచెం పెరిగింది కానీ దేశమంతా ఆ పొడవుకే అలవాటు పడింది. 2024 మార్చి 19న జపాన్ కేంద్ర బ్యాంకు మైనస్ వడ్డీ విధానాన్ని ఎత్తేసి, 17 ఏళ్ల తర్వాత వడ్డీ రేటు పెంచింది. ఇంగ్లీషు హెడ్డింగులో బ్యాంకు, ప్రపంచంలో చివరి మైనస్ రేటు, 17 ఏళ్లు, పెంపు అన్నీ పట్టాయి. జపనీస్‌లో ఇలా కట్టవచ్చు. నిచి, గిన్ రెండక్షరాలు, కేంద్ర బ్యాంకు పొట్టి పేరు. సగం ఖాళీ. మ, ఇ, న, సు నాలుగు. కిన్, రి రెండు, వడ్డీ. నో ఒకటి. కై, జో రెండు, ఎత్తివేత. కెత్, తెయ్ రెండు, నిర్ణయం. మొత్తం 13న్నర. 17 ఏళ్లకు చోటు లేదు, అది మొదటి వాక్యంలోకి పోవాలి. క్రియ కూడా లేదు, నామవాచకంతోనే ముగిసింది. తైగెన్‌దొమె అనే ఈ ముగింపు జపనీస్ హెడ్డింగులకు మామూలే. మన పత్రికల్లో ‘వడ్డీ రేట్ల పెంపు’ అని వదిలేసినట్టు.

హెడ్డింగు చివర పెట్టే ఒక్కో అక్షరానికి ఒక్కో బరువు ఉంది. చివర ఎ అని పెడితే ఆ దిశగా పోతున్నారు అని, క అని పెడితే కావచ్చు అని. ఇంగ్లీషులో ‘మే’ అని ఉన్నచోట తేలిగ్గా క పెట్టేయడం కొత్త అనువాదకుల అలవాటు. వార్తలో ఆధారం లేకుండా క పెట్టకూడదు అని మా స్టైల్ షీట్, అంటే రాత నియమాల పత్రం, మొదటి పేజీలోనే రాసుకున్నాం.

స్టైల్ షీట్‌ను మొదటినుంచి మీరే తయారు చేసుకోవాలని చూడకండి. క్యోదో వార్తా సంస్థ విలేకరుల చేతిపుస్తకాన్ని జపాన్ డెస్కుల్లో చాలామంది ప్రమాణంగా వాడతారు. ఏ మాట కంజిలో రాయాలి, ఏది పలుకును బట్టి రాసే హిరగానా లిపిలో, అంకెలు ఎలా, విదేశీ పేర్లు వాటికి వాడే కతకానా లిపిలో ఎలా అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని మూలంగా పెట్టుకుని, మీరు వేరుగా చేసే వాటిని మాత్రం విడిగా ఒక కాగితం మీద రాసుకోండి. మా కాగితం ఆరు నెలలకు తొమ్మిది పేజీలయింది, అందులో సగం పేర్లే.

పేర్ల దగ్గర ఇంగ్లీషు ఎడిషన్ ఏ సాయమూ చేయదు. ఇంగ్లీషులో వతనబె కోజి అని ఉన్న మనిషి పేరును కంజిలో రాయాలి. కోజి అన్న పలుకుకు పదుల కొద్దీ కంజి జతలున్నాయి. ఊహించి రాస్తే అది ఇంకొకరి పేరవుతుంది. యంత్రానువాదం అయితే అడగకుండానే నమ్మకంగా ఏదో ఒక జత రాసేస్తుంది. చూడడానికి సరిగ్గా ఉంటుంది కాబట్టి కంటికి దొరకదు. కంపెనీ అధికారి అయితే ఆ కంపెనీ జపనీస్ పేజీలో, ప్రొఫెసరు అయితే విశ్వవిద్యాలయం పేజీలో, ఎమ్పీ అయితే సభ పేజీలో చూసి, చూసిన చోటు లింకు కాపీ పక్కన పెట్టాలి. ఎక్కడా దొరక్కపోతే ఇంగ్లీషు విలేకరికి మెయిల్ చేసి ఆ మనిషి విజిటింగ్ కార్డు ఫొటో అడుగుతాం. జపాన్‌లో ఇంటర్వ్యూ మొదలయ్యేదే కార్డులు ఇచ్చిపుచ్చుకోవడంతో, కాబట్టి విలేకరి సంచిలో అది ఉండే తీరుతుంది. వాటిని పారేయొద్దని ఇంగ్లీషు డెస్కుకు ముందే చెప్పి ఉంచండి.

చైనా పేర్లు ఇంకోరకం. వాటిని కంజిలోనే రాస్తారు, జపనీస్ ఉచ్చారణతో చదువుతారు. షీ జిన్‌పింగ్ అక్కడ షూ కిన్‌పెయ్. కొరియా పేర్లను మాత్రం 1980ల మధ్య నుంచి కొరియా ఉచ్చారణకు దగ్గరగా కతకానాలో రాస్తున్నారు. ఇంగ్లీషు కాపీలో ఉన్న రోమన్ స్పెల్లింగును బట్టి అక్షరం అక్షరం కతకానా చేస్తే రెండూ తప్పుతాయి. మన పేర్లకూ ఒక జాగ్రత్త ఉంది. కతకానాలో ల, ర తేడా లేదు. రెడ్డి అన్న పేరును ఒత్తు లేకుండా రాస్తే రెది అవుతుంది. ఇంగ్లీషు లేడీ అన్న మాటను కతకానాలో రాసేదీ అలాగే. ద్విత్వం చూపించే చిన్న త్సు మధ్యలో పెట్టి రాయాలి. ఆంధ్ర, తెలంగాణ రాజకీయ వార్తలు వచ్చినప్పుడల్లా ఇది నేనే కూర్చుని చూసేదాన్ని.

అంకెల్లో దొర్లే తప్పులు అన్నిటికన్నా ప్రమాదకరమైనవి, ఎందుకంటే పాఠకుడు వాటిని ప్రశ్నించడు, నమ్మేస్తాడు. జపనీస్ లెక్క నాలుగేసి సున్నాలతో నడుస్తుంది. మన్ అంటే 10 వేలు, ఒకు అంటే 10 కోట్లు, చో అంటే లక్ష కోట్లు. మిలియన్ 100 మన్, బిలియన్ 10 ఒకు, ట్రిలియన్ సరిగ్గా ఒక చో. బిలియన్‌ను ఒక ఒకుగా రాసేస్తే అంకె పదో వంతు అవుతుంది. ఇంగ్లీషు ఏజెన్సీ కాపీని లక్షలు, కోట్లలోకి మార్చే తెలుగు సబ్ఎడిటర్లకు ఈ జారుడు మెట్టు బాగా పరిచయం. మా మందు చాలా మోటుది. కాపీ పక్కన సున్నాలన్నీ విప్పి పూర్తి అంకె రాయడం, రెండో మనిషి ఆ సున్నాలను నాలుగేసి విడగొట్టి చదవడం. డాలర్లకు యెన్ల విలువ ఇస్తే ఏ రోజు మారకం రేటో రాసుకోవాలి. మైళ్లు, ఫారెన్‌హీట్, పౌండ్లు అన్నీ మార్చాలి. భూకంపం వార్తలో ఇంగ్లీషు కాపీ మాగ్నిట్యూడ్ ఇచ్చి ఊరుకుంటుంది. జపాన్ పాఠకుడికి ముందు కావాల్సింది షిన్‌దొ, అంటే ఏ ఊళ్లో నేల ఎంత ఊగింది అన్న కొలత. వాతావరణ సంస్థ దాన్ని 0 నుంచి 7 వరకు ఇస్తుంది, 5, 6 ఒక్కోటీ బలహీనం, బలం అని రెండుగా ఉంటాయి కాబట్టి మొత్తం 10 మెట్లు.

తేదీలూ అంతే. న్యూయార్క్‌లో సోమవారం సాయంత్రం 7 గంటలు అంటే జపాన్‌లో మంగళవారం ఉదయం, వేసవిలో 8, చలికాలంలో 9. జపాన్ గడియారం మారదు, అమెరికాది మారుతుంది. ‘సోమవారం’ అని తిప్పితే తప్పు, ‘నిన్న’ అంటే ఇంకా తప్పు. అక్కడి సమయం ప్రకారం ఫలానా తేదీ అని రాయడమే జపాన్ పద్ధతి. వారం పేరు మాని తేదీ అంకె వేయాలి.

అసలు మాటలు వెతికి తేవడం ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం. జపాన్ మంత్రి ప్రెస్‌మీట్‌లో జపనీస్‌లో మాట్లాడతాడు. విలేకరి దాన్ని ఇంగ్లీషు చేసి కొటేషన్‌లో పెడతాడు. మనం దాన్ని మళ్లీ జపనీస్ చేసి కగి గుర్తుల్లో పెడితే ఆయన అనని మాటలు ఆయన పేరుతో అచ్చవుతాయి. నిన్న టీవీలో ఆ మాటలు విన్న పాఠకుడు మన సైటులో వేరే మాటలు చూస్తాడు. మంత్రిత్వ శాఖలు ప్రెస్‌మీట్ల పూర్తి పాఠాన్ని తమ సైట్లలో పెడతాయి. పార్లమెంటు చర్చలు జాతీయ గ్రంథాలయం నడిపే సభా కార్యక్రమాల డేటాబేసులో దొరుకుతాయి. అది రావడానికి సమయం పడుతుంది, ఈలోపు సభల వీడియో చూసి రాసుకోవచ్చు. ఒక్కో వార్తకు ఇది పావుగంట నుంచి గంట తింటుంది. దొరక్కపోతే కగి గుర్తులు తీసేసి, ఫలానా అర్థం వచ్చేలా అన్నారు అని పరోక్షంగా రాయాలి. ఈ నియమాన్ని ఒక్కసారి సడలిస్తే ఇక దాన్ని నిలబెట్టలేం.

నేర వార్తల్లో మనిషి పేరు వెనక ఏముండాలి అన్నది శైలి మాత్రమే కాదు. అరెస్టయినవారి పేరు తర్వాత యోగిషా, అంటే అనుమానితుడు, ఆ తర్వాత వయసు. అభియోగం నమోదయ్యాక హికొకు, నిందితుడు. ఇంగ్లీషులో రెండుచోట్లా ఇంటిపేరు ఒక్కటే ఉంటుంది కాబట్టి కేసు ఏ దశలో ఉందో కాపీలో వెతికి పెట్టాలి. మైనర్ల విషయంలో బాలల చట్టం 61వ నిబంధన పేరు, ఫొటో, గుర్తుపట్టే వివరాలు వేయడాన్ని అడ్డుకుంటుంది. 2022 ఏప్రిల్ నుంచి 18, 19 ఏళ్లవారిపై మామూలు కోర్టులో అభియోగం దాఖలయ్యాక మాత్రమే సడలింపు ఉంది. ఇంగ్లీషు ఎడిషన్‌లో పేరుందని వేసేస్తే కుదరదు. పరువునష్టంలోనూ అమెరికా అలవాట్లు పనికిరావు. వేసింది నిజమైనంత మాత్రాన జపాన్ శిక్షాస్మృతి వదిలిపెట్టదు. విషయం ప్రజలకు సంబంధించినది, ఉద్దేశం ప్రజాహితం అని కూడా చూపించాలి. ప్రముఖుల సొంత జీవితాల మీద వచ్చే ఇంగ్లీషు కథనాలను మేం లాయరు చూడకుండా తిప్పేవాళ్లం కాదు.

వాక్యం గురించి కొంచెం. జపనీస్‌లో క్రియ చివర వస్తుంది, విశేషణ వాక్యం నామవాచకానికి ముందు వస్తుంది. ‘నిన్న ఢిల్లీలో ప్రధానిని కలిసిన మంత్రి’ అన్న మన కట్టు అచ్చంగా వాళ్లది. విభక్తులు కూడా పేరు వెనకే. ఇంగ్లీషు నుంచి తెలుగుకు తిప్పేటప్పుడు ఎక్కడ వాక్యం విరవాలో తెలిసినవాళ్లకు జపనీస్ కాపీ ఎక్కడ కుంటుతుందో త్వరగా అర్థమవుతుంది. ఇంగ్లీషు వాక్యంలో ‘హూ’, ‘విచ్’ రెండు దాటితే దాన్ని మూడు వాక్యాలు చేయమని చెప్పేదాన్ని. వార్తలకు ద, దె అరు ముగింపు, ఇంటర్వ్యూలకు, జీవనశైలి కథనాలకు మర్యాదగా దెసు, మసు. ఒకే కథనంలో రెండూ కలవకూడదు. చెప్పుకున్న మాటకు మనకు ‘అట’ ఉన్నట్టే వాళ్లకూ సోదా అనే ముగింపు ఉంది, వార్తలో దాన్ని తగ్గించి, ఎవరు చెప్పారో వాక్యం మొదట్లోనే చెప్పాలి.

పొడవు లెక్క: మాకు ఒక ఇంగ్లీషు పదానికి సుమారుగా రెండు నుంచి రెండున్నర జపనీస్ అక్షరాలు పడేవి. 500 పదాల కాపీ 1,000 నుంచి 1,250 అక్షరాలు. ముసాయిదాకు యంత్రానువాదం వాడినా అది ఎక్కడ మోసం చేస్తుందో ముందే తెలిసి ఉండాలి. పేర్ల కంజి, వదిలేసిన కర్త, పొడవైన వాక్యంలో జారిపోయిన ‘కాదు’. ఈ మూడూ ఎర్ర పెన్సిలుతో మొదట చూసేవి.

పంపిణీ ఒప్పందాలకు మూడు నాలుగు నెలలు కేటాయించాలి. యాహూ జపాన్, స్మార్ట్‌న్యూస్, లైన్ న్యూస్ లాంటి, పలు సైట్ల వార్తలు ఒకచోట చూపించే వేదికలకు వార్తలు వెళ్తేనే కొత్త పేరును జనం చూస్తారు. వాటికి వార్తలను తనంతట తానే పంపే ఫీడ్ తీరు ఒక్కోదానికీ ఒక్కోటి. ఫీడ్ కట్టేటప్పుడు అందరూ కొత్త వార్త వెళ్తుందా లేదా అనే పరీక్షిస్తారు. దిద్దిన వార్త వెళ్తుందా, తీసేసిన వార్త అక్కడా పోతుందా అని పరీక్షించాలి. మా ఫీడ్‌లో మొదటి వారం దిద్దుబాటు మన సైటులో అయింది, బయట మాత్రం తప్పు అంకె సాయంత్రం దాకా నిలిచింది. మార్పు సమయం అనే గడి పాత విలువనే మళ్లీ పంపుతుండడం కారణం. ఫొటోల హక్కులు వేరే తలనొప్పి. ఇంగ్లీషు ఎడిషన్ కొన్న ఏజెన్సీ ఫొటో జపనీస్ ఎడిషన్‌కు చెల్లుతుందా, చెల్లినా బయటి యాప్‌లకు మళ్లీ పంపొచ్చా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా ఫీడ్‌లో ఫొటో పెట్టకండి. డబ్బు తీసుకుని రాసిన కథనానికి ప్రకటన అన్న గుర్తు స్పష్టంగా ఉండాలి, 2023 అక్టోబరు 1 నుంచి అది నిబంధన.

షిఫ్టులు మాత్రం కలిసొచ్చాయి. తోక్యోలో ఉదయం 6 గంటలకు అమెరికా తూర్పు తీరంలో వేసవిలో ముందురోజు సాయంత్రం 5. వాళ్ల రోజు వార్తలు సిద్ధంగా ఉంటాయి, రైళ్లలో జనం ఫోను తీసే 7, 8 గంటలకు నాలుగైదు వార్తలు వెళ్లిపోవచ్చు. తర్వాత మధ్యాహ్నం 12, రాత్రి 9 నుంచి 10. ఇద్దరు అనువాదకులు, ఒక డెస్కు, ఒక కోయెత్సు, ఒక సాంకేతిక మనిషితో రోజుకు 12 వార్తలు దాటకూడదని కట్టుబడ్డాం. 15 చేసిన వారంలో దిద్దుబాట్లు పెరిగాయి. దిద్దుబాటును దాచకుండా వార్త చివర తేదీతో వేసి, దిద్ది క్షమాపణ కోరుతున్నాం అన్న అక్కడి మామూలు వాక్యం పెట్టాలి. ఏది తప్పు, ఏది ఒప్పు అన్నది రెండూ రాయాలి.

పేర్ల పట్టికకు ఒక బాధ్యుణ్ని పెట్టి, ప్రతి మార్పుకూ తేదీ రాయించండి. జపాన్ ప్రభుత్వం 2015 ఏప్రిల్‌లో జార్జియా దేశం పేరును గురుజియా నుంచి జోజియా చేసింది, 2022 మార్చి 31న ఉక్రెయిన్ రాజధాని పేరును కియెఫు నుంచి కీయు చేసింది. అలాంటి రోజున పట్టికలో మార్చి, ఆ క్షణం నుంచి వచ్చే కాపీకి వర్తింపజేయాలి. పాత వార్తల్లో ఒక్క మీటతో అన్నీ మార్చేయమని సాంకేతిక మనిషికి చెప్పకండి. కగి గుర్తుల లోపల ఉన్న మాటలూ, చికెన్ కియెఫు లాంటి వంటకాల పేర్లూ, సంస్థల అధికారిక పేర్లూ కూడా మారిపోతాయి, వాటిని మళ్లీ ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పాల్సి వస్తుంది.